పెరట్లోకి పిట్టలు రావాలంటే: నేల సిద్ధం చేయడం నుంచి గూడు కట్టడం దాకా

"రోజూ గింజలు వేస్తున్నాం, నీళ్లు పెడుతున్నాం. అయినా పావురాలు తప్ప ఒక్క పిట్టా రావడం లేదు. ఏం చేయాలి?" చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. ఇక్కడ పొరపాటు గింజల్లో లేదు, పనుల వరుసలో ఉంది. గింజలు వేయడం అన్నిటికన్నా చివర చేయాల్సిన పని. దాన్ని మొదట చేస్తే పావురాలే వస్తాయి.

పిట్ట ఒక చోట నిలవాలంటే దానికి పురుగు దొరకాలి, దాక్కోవడానికి పొద ఉండాలి, నీళ్లు ఉండాలి, గూడు పెట్టుకునే తావు ఉండాలి. ఇందులో మొదటి రెండూ మొక్కల వల్లే వస్తాయి. అందుకే ఈ వివరాల్లో సగానికి సగం మొక్కల గురించే ఉంటాయి.

## 1. ముందు వారం రోజులు ఊరికే చూడండి

ఒక నోటుబుక్కు తీసుకుని పొద్దున ఆరు నుంచి ఏడున్నర లోపు, సాయంత్రం ఐదు తర్వాత పావుగంట చొప్పున కూర్చోండి. మీ ఇంట్లోనే కాదు, వీధిలో ఏ పిట్టలు తిరుగుతున్నాయో రాయండి. పక్కింటి వేప మీద పిగిలిపిట్ట (బుల్‌బుల్) ఉంటే రేపు మీ పెరట్లోకి వచ్చేది అదే. మీ వీధిలోనే లేని పిట్ట కోసం మొక్క నాటితే నిరాశ తప్పదు.

పేరు తెలియని పిట్ట కనిపిస్తే మెర్లిన్ అనే ఉచిత యాప్‌లో ఫొటో పెట్టినా, కూత వినిపించినా పేరు చెబుతుంది. ఒక్కోసారి తప్పు కూడా చెబుతుంది కాబట్టి రంగు, తోక, ముక్కు మీరే ఒకసారి సరిచూసుకోండి.

ఇవి కూడా రాసుకోండి:

- మధ్యాహ్నం నీడ ఎక్కడ పడుతుంది
- వాన నీళ్లు ఎక్కడ నిలుస్తాయి
- పిల్లులు ఏ గోడ మీద నుంచి వస్తాయి
- సిమెంటు లేకుండా మట్టి కనిపించే చోటు ఎంత ఉంది
- కరెంటు తీగలు, సెప్టిక్ ట్యాంకు, నీటి సంపు ఎక్కడున్నాయి

## 2. మొక్క నాటే ముందు మూడు పనులు ఆపండి

పురుగుమందు. పిచ్చుక గింజలు తినే పిట్టే, కానీ పిల్లల్ని పెంచేటప్పుడు వాటి నోట్లో పెట్టేది మాత్రం మెత్తటి పురుగుల్ని. కరివేపాకు, నిమ్మ చెట్ల మీద కనిపించే ఆకుపచ్చ గొంగళిపురుగులు సీతాకోకచిలుకల పిల్లలు. దర్జీపిట్ట వాటికోసమే ఆ కొమ్మల్లో దూరుతుంది. మందు కొట్టిన చెట్టు చూడటానికి పచ్చగానే ఉంటుంది, పిట్టకు మాత్రం అది ఖాళీ వంటిల్లు.

పేనుబంక పడితే పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి. పిండినల్లి పడితే సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడవండి. వేపనూనె కూడా మెత్తటి పురుగులన్నిటికీ హాని చేసేదే కాబట్టి తప్పనిసరైతే పట్టిన కొమ్మకే వాడండి, చెట్టంతా తడపొద్దు.

ఎండుటాకులు ఊడ్చి తగలబెట్టడం. చెట్టు మొదట్లో నాలుగు వేళ్ల మందాన ఆకులు వదిలేయండి. కింద చెమ్మ ఉంటుంది, పురుగులు చేరతాయి. పొద్దున్నే ఈల వేసినట్టు పాడే నల్లంచి అక్కడే కాళ్ల మీద గెంతుతూ ఏరుకుంటుంది. వాకిలి శుభ్రంగా ఊడ్చుకోండి, పెరటి మూల ఒకటి మాత్రం వదిలేయండి. ఇంటి బయట పొదల్లో ఉన్న సాలెగూళ్లు కూడా దులపొద్దు. తేనెపిట్ట తన వేలాడే గూడును కలిపి కుట్టేది ఆ దారంతోనే.

ఎండాకాలం కొమ్మలు కొట్టడం. మన దగ్గర చాలా పిట్టలు ఫిబ్రవరి నుంచి ఆగస్టు, సెప్టెంబరు దాకా గూళ్లు పెడతాయి. ఒక ఏప్రిల్‌లో నేను గోరింట కంచె కత్తిరిస్తుంటే కొమ్మతో పాటు పిగిలిపిట్ట గూడు కింద పడింది. గులాబీ రంగు మీద ఎర్రచుక్కలున్న మూడు గుడ్లు పగిలిపోయాయి. ఆ జంట రెండు రోజులు అక్కడే తిరిగింది. అప్పటి నుంచి నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లో తప్ప కత్తెర పట్టడం లేదు. అప్పుడు కూడా ముందు కొమ్మలు విడదీసి లోపల చూశాకే.

## 3. మొక్కల ఎంపిక: స్థలాన్ని బట్టి, కాలాన్ని బట్టి

నర్సరీకి వెళ్లి "పిట్టలు వచ్చే మొక్కలు ఇవ్వండి" అంటే చాలాసార్లు విదేశీ పూలమొక్కలు చేతిలో పెడతారు. కాబట్టి జాబితా ఇంటి దగ్గరే రాసుకుని వెళ్లండి. అటవీ శాఖ నర్సరీల్లో ఈ మన మొక్కలు తక్కువ ధరకే దొరికే అవకాశం ఎక్కువ.

ఇక్కడి మొక్కలే ఎందుకంటే, ఇక్కడి పురుగులు తినడం నేర్చుకున్నది వీటి ఆకుల్నే. కోనోకార్పస్‌నే తీసుకోండి. సోమాలియా, యెమెన్ తీరాల నుంచి వచ్చిన చెట్టు అది. వేగంగా పెరుగుతుంది, గోడలా పచ్చగా ఉంటుంది, కానీ పిట్ట తినే గుజ్జుపండు దానికి లేదు.

పెద్ద పెరడు ఉన్నవారికి (ఇల్లు పోను 200 గజాలు, ఆపైన)

- వేప: ఎండాకాలం చివర పండ్లు పడతాయి. కోయిల, గోరింక, పిగిలిపిట్ట, రామచిలుక అన్నీ వస్తాయి.
- నేరేడు: జూన్, జులైలో పండుతుంది. కారు పెట్టే చోటికి దూరంగా నాటండి, మరక వదలదు.
- మేడి: కాండానికే గుత్తులుగా కాస్తుంది, ఏడాదిలో పలుమార్లు. ఇతర పండ్లు లేని రోజుల్లో పిట్టల్ని కాపాడే చెట్టు ఇదే. రేకు మీద సుత్తితో కొట్టినట్టు "టుక్ టుక్" అనే కంసాలిపిట్ట దీన్ని వదలదు.
- కానుగ: మంచి నీడ, పూలకు తేనెటీగలు, వాటికోసం పసిరికపిట్ట.
- మోదుగ: ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చి ఎర్రగా పూస్తుంది. తేనె కోసం ఎన్ని రకాల పిట్టలు వాలతాయో అప్పుడు చూడాలి. నెమ్మదిగా పెరిగే చెట్టు, ఓపిక కావాలి.

మర్రి, రావి, జువ్వి పిట్టలకు పెద్ద సత్రాలు. కానీ వాటి వేళ్లు గోడల్నీ సంపుల్నీ పగలగొడతాయి. ఇంటి పెరట్లో వద్దు. ఊరి చెరువు గట్టు మీదో, గుడి స్థలంలోనో, పొలం గట్టునో నాటండి.

చిన్న పెరడు (నాలుగైదు అడుగుల సందు, 30 నుంచి 50 గజాల మట్టి)

నా మటుకు నేను ఇక్కడ కరివేపాకుకే మొదటి ఓటు వేస్తాను. అందరికీ అది కూరలోకి ఆకు మాత్రమే. కోస్తూ పోతే అది పూయదు. ఒక చెట్టును కోయకుండా ఎదగనిస్తే నల్లటి చిన్న పండ్లు గుత్తులుగా కాస్తుంది, పిగిలిపిట్టలు, కోయిలలు వాటికోసం కొట్లాడుకుంటాయి. కూరకు ఒకటి, పిట్టలకు ఒకటి అని రెండు నాటండి.

- వాక్కాయ, బలుసు, పరికి: ముళ్ల పొదలు. పండు ఉంటుంది, పిల్లి దూరలేదు. గూడు పెట్టడానికి వీటిని మించినవి లేవు. పరికి తీగలా పాకి ముళ్లతో గుచ్చుకుంటుంది, చిన్నపిల్లలు ఆడే చోట వేయొద్దు.
- అడ్డసరం: చలికాలంలో తెల్లపూలు, వాటికి తేనెపిట్ట.
- నూరు వరహాలు: ఎర్రటి నాటు రకం అడగండి. దాదాపు ఏడాదంతా పూస్తుంది. పొట్టి హైబ్రిడ్ రకాల్లో గూడుకు చోటుండదు.
- మునగ: పూలకు తేనెపిట్ట, మీకు కాయలు. కొమ్మ పెళుసు, గాలివాటంలో వద్దు.
- రేగు: భోగి నాటికి పండ్లు. చిలుకలు పచ్చివే కొరికి పడేస్తాయి, కోప్పడొద్దు.
- దొండ తీగ, తిప్పతీగ: కంచె మీదకు పాకించండి. దొండకాయలు కొన్ని కోయకుండా వదిలితే ఎర్రగా పండుతాయి. లోపలి ఎరుపు కనిపించిందంటే పిట్టలు వచ్చేసినట్టే.

బాల్కనీ, డాబా ఉన్నవారికి

పద్దెనిమిది అంగుళాల కుండీల్లో నూరు వరహాలు, అడ్డసరం, కరివేపాకు, గోరింట పెంచుకోవచ్చు. కుండీలను దూరం దూరంగా పెట్టకుండా ఒకే మూల గుంపుగా చేర్చండి. పిట్టకు అది పొదలా కనిపించాలి.

జామ, బొప్పాయి మన దేశపు మొక్కలు కావు, అయినా ఉన్నవాటిని తీసేయక్కర్లేదు. పైకొమ్మల పండ్లు వదిలేస్తే చాలు. కానీ లాంటానా (కొందరు తలంబ్రాల మొక్క అంటారు) మాత్రం కొత్తగా నాటొద్దు. దాని పండ్లు పిట్టలు తింటాయి, నిజమే. ఆ గింజల్ని అవే అడవుల దాకా మోస్తాయి, అక్కడ అది మరో మొక్కను లేవనివ్వదు.

ఎంపిక అయ్యాక కాగితం మీద పన్నెండు నెలలు రాసి, ఏ నెలలో ఏ మొక్కకు పువ్వో పండో ఉంటుందో నింపండి. ఖాళీ నెల కనిపిస్తే ఆ నెలకో మొక్క వెతకండి. ఈ ఒక్క పని చేసినవారి పెరటికి, చేయనివారి పెరటికి రెండేళ్లలో తేడా తెలుస్తుంది.

## 4. గుంత, నాటడం, మొదటి ఏడాది

1. రోహిణి కార్తెలో గుంతలు తీయండి. చెట్లకు రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. పొదలకు అడుగున్నర చాలు. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క వేయండి. గుంత వారం, పది రోజులు ఎండాలి.
2. పైమట్టిలో మూడో వంతు బాగా చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్లు వేపపిండి కలిపి నింపండి. నల్లరేగడి అయితే అడుగున కొంచెం ఇసుక, కంకర వేయాలి, లేకపోతే వానల్లో వేరు కుళ్లుతుంది.
3. మృగశిర వచ్చాక, రెండు మంచి వానలు పడి నేల తడిశాక సాయంత్రం పూట నాటండి.
4. పెద్ద చెట్టు గోడకు, సంపుకు కనీసం 15 అడుగుల దూరంలో ఉండాలి. పొదల మధ్య మూడు, నాలుగు అడుగులు. ముళ్ల పొదల్ని గుంపుగా ఒక మూల వేయండి, వరుసగా నిలబెట్టొద్దు.
5. పాదు చేసి ఎండుటాకులు కప్పండి. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు తప్పవు.

గింజ నుంచి పెంచాలంటే వేప, నేరేడు, కరివేపాకు గింజల్ని పండు తీసిన వారంలోపే వేయాలి. దాచి పెడితే మొలకెత్తే శక్తి పోతుంది. పిట్టలు వాలే గోడల కింద చూడండి, ఇవే మొక్కలు వాటంతటవి మొలిచి ఉంటాయి. మొదటి వానకు మట్టితో సహా తీసి నాటుకోవచ్చు.

నాలుగడుగుల మేర మట్టిని ఏమీ నాటకుండా పొడిగా వదిలేయండి. పిచ్చుకలు దుమ్ములో స్నానం చేసేది అక్కడే. రెక్కల్లోని పేలు వదిలించుకునే పద్ధతి అది.

## 5. నీళ్లు: మొక్కలు ఎదిగేలోపు ఇదే పిలుపు

మట్టి మూకుడు మంచిది. స్టీలు, రేకు గిన్నెలు మే నెలలో కాలిపోతాయి, ప్లాస్టిక్ మీద కాలు జారుతుంది.

- లోతు అంచు దగ్గర అర అంగుళం, మధ్యలో రెండు అంగుళాలకు మించకూడదు. లోతుంటే ఒక రాయి పెట్టండి.
- నీడలో, పొదకు ఆరేడడుగుల దూరంలో పెట్టండి. మరీ దగ్గరైతే పిల్లి పొంచి ఉంటుంది, మరీ దూరమైతే తడిసిన రెక్కలతో పిట్ట పారిపోలేదు.
- రోజూ పారబోసి కొత్త నీళ్లు పోయండి. వారానికి రెండుసార్లు కొబ్బరిపీచుతో తోమండి, సబ్బు వద్దు.
- ఎండ 42 డిగ్రీలు దాటే రోజుల్లో మధ్యాహ్నం మరోసారి.

దోమలు వస్తాయేమో అని కొందరికి టెన్షన్. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేసరికి వారం, పది రోజులు పడుతుంది. రోజూ నీళ్లు మార్చే మూకుడులో దోమ పుట్టదు.

ఇంకో చిన్న ఏర్పాటు చేయొచ్చు. చిన్న కుండకు అడుగున సన్న రంధ్రం చేసి, గుడ్డ పీలిక దూర్చి, మూకుడు పైన వేలాడదీయండి. చుక్క చుక్కగా పడే ఆ చప్పుడుకు పొదల్లో దాక్కున్న పిట్టలు కూడా బయటికొస్తాయి. చలికాలంలో వలస వచ్చే, పొడవాటి తెల్లతోక ఊపే తోకపిగిలిపిట్టను నీళ్ల దగ్గరే చూసే అవకాశం ఎక్కువ.

## 6. గూళ్లు: అందరికీ పెట్టె అక్కర్లేదు

పిగిలిపిట్ట, దర్జీపిట్ట, తేనెపిట్ట, గువ్వ పెట్టెల్లోకి రావు. వాటికి పొద, వెడల్పు ఆకు, వేలాడే కొమ్మ కావాలి. పెట్టె కావాల్సింది పిచ్చుకకు, నల్లంచికి, గోరింకకు. ఇదివరకు పెంకుటింటి చూరుల్లో దొరికిన సందులు డాబా ఇళ్లలో లేవు గనక.

పిచ్చుక పెట్టె కొలతలు:

- లోపల అడుగు 15×15 సెంటీమీటర్లు, ఎత్తు 20 నుంచి 22
- రంధ్రం 3.2 సెంటీమీటర్లు, అంటే పది రూపాయల నాణెం కన్నా కాస్త పెద్దది. అడుగు నుంచి 12 సెంటీమీటర్ల పైన
- చెక్క మందం ఒకటిన్నర సెంటీమీటరు. అట్టపెట్టె వానకు నానుతుంది, రేకు ఉడికిస్తుంది
- అడుగున నాలుగు సన్న రంధ్రాలు, తెరుచుకునే మూత
- రంధ్రం ముందు కర్ర పుల్ల వద్దు. పిచ్చుకకు అది అవసరం లేదు, కాకి నిలబడటానికి పనికొస్తుంది
- లోపల రంగు, వార్నిష్ వద్దు

తొమ్మిది, పదడుగుల ఎత్తున, చూరు కింద, ఉత్తరం వైపో తూర్పు వైపో తిప్పి బిగించండి. పడమటి ఎండ, నైరుతి వాన రెండూ తప్పుతాయి. పిచ్చుకలు గుంపుగా ఉంటాయి కాబట్టి మూడడుగుల ఎడంతో రెండు మూడు పెట్టండి. ఫ్యాను తిరిగే గదిలో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు.

చాలామంది మార్చి 20, పిచ్చుకల దినం రోజు పెట్టె కొని తగిలిస్తారు. డిసెంబరు, జనవరిలోనే తగిలిస్తే అవి అలవాటు పడి, గూడు కట్టే వేళకు సొంతం చేసుకుంటాయి.

నల్లంచికి, గోరింకకు రంధ్రం ఐదు సెంటీమీటర్లు ఉండాలి. ఎండిన కొమ్మ ఎవరి మీదా పడే ప్రమాదం లేకపోతే కొట్టొద్దు. కంసాలిపిట్ట, వడ్రంగిపిట్ట గూడు తొలుచుకునేది అందులోనే. అవి వదిలేసిన తొర్రలోకి మరో పిట్ట వస్తుంది.

## 7. ఇప్పుడు గింజలు

మన సంక్రాంతి వరి కంకుల కుచ్చు కన్నా మంచి ఏర్పాటు నాకు తెలియదు. చూరుకు వేలాడే కుచ్చును పట్టుకుని పిచ్చుక తినగలదు, బరువైన పావురం తినలేదు. కోతకు ముందు మందు కొట్టని పొలం నుంచి కంకులు తెచ్చుకోండి.

చల్లేటట్లయితే కొర్రలు, సజ్జలు, నూకలు. ఒక గుప్పెడు, అరగంటలో అయిపోయేంత. మిగిలితే రేపు తగ్గించండి. మిగిలిన గింజలకు ఎలుకలు, పావురాలు చేరతాయి. పావురాల రెట్ట పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం.

బిస్కెట్లు, చిప్స్, బ్రెడ్డు, ఉప్పుకారం తగిలిన అన్నం వద్దు. తేనెపిట్టకు చక్కెర నీళ్లు కూడా వద్దు. మన ఎండకు కొన్ని గంటల్లోనే పులుస్తాయి.

## 8. పిలిచాక కాపాడాలి

ఎలుకల మందు: తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే అదీ చస్తుంది. బోను వాడండి. జిగురు అట్టలకు పిట్టలు, బల్లులు కూడా అంటుకుంటాయి.

అద్దాలు: కిటికీ అద్దంలో ఆకాశం కనిపించి గుద్దుకుంటాయి. అద్దానికి బయటి వైపు రెండేసి అంగుళాల ఎడంతో చుక్కలో గీతలో పెట్టండి. ఒకే ఒక స్టిక్కర్ అతికిస్తే లాభం లేదు. కారు అద్దంతో పోట్లాడే పిట్ట ఉంటే ఆ అద్దానికి గుడ్డ సంచి తొడగండి.

మాంజా: నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా సంక్రాంతి మర్నాడు చెట్ల మీద దారాలు వేలాడుతూనే ఉంటాయి. పొడవాటి కర్రతో అన్నీ దింపి, ముక్కలు చేసి పడేయండి.

పిల్లి: పెట్టె ఉన్న స్తంభానికి, చెట్టు మొదలుకు అడుగున్నర వెడల్పు నున్నటి రేకు చుట్టండి.

## 9. పని చేయకపోతే ఇక్కడ చూడండి

- పెట్టె పెట్టి ఏడాదైంది, పిచ్చుక రాలేదు: దిక్కు, ఎత్తు, రంధ్రం కొలత మళ్లీ చూడండి. వంద అడుగుల్లో పిచ్చుకలే లేకపోతే పెట్టె తప్పు కాదు. పొద, పురుగు పెరిగేదాకా ఆగాలి.
- పావురాలే వస్తున్నాయి: పదిహేను రోజులు గింజలు పూర్తిగా ఆపండి. నీళ్లు మాత్రం ఆపొద్దు. తర్వాత కుచ్చు మాత్రమే వేలాడదీయండి.
- గూడు కట్టి వదిలేసింది: ఎక్కువసార్లు దగ్గరికెళ్లి ఫొటోలు తీశారా? పదిహేనడుగుల దూరం పాటించండి.
- చిలుకలు పండ్లన్నీ కొట్టేస్తున్నాయి: కింది కొమ్మల గుత్తులకు గుడ్డ సంచులు కట్టండి. చెట్టు మొత్తానికి సన్న వల వేయొద్దు, పిట్టలు కాళ్లు చిక్కుకుని చనిపోతాయి. చిలుకను పట్టడం, పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

## 10. పిల్ల కింద పడితే

జూన్, జులైలో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. ముందు ఈకలు చూడండి.

ఈకలు రాని ఎర్రటి పిల్ల అయితే మెల్లగా తీసి గూట్లో పెట్టేయండి. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందన్న మాట నిజం కాదు. గూడు చెదిరిపోతే, అడుగున రంధ్రాలు చేసిన కొబ్బరిచిప్పలో ఎండుగడ్డి వేసి, పిల్లను ఉంచి, పాత గూటి పక్క కొమ్మకే కట్టండి. పిల్ల కూత విని తల్లి వెతుక్కుంటూ వస్తుంది.

ఈకలు వచ్చి గెంతుతున్న పిల్ల అయితే అది ఎగరడం నేర్చుకుంటోంది. పిల్లి అందని పొదలో పెట్టి దూరంగా వెళ్లిపోండి. మీరు అక్కడే నిలబడితే తల్లి రాదు. గంటసేపు కిటికీలోంచి చూడండి.

నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరి గొట్టంలోకి పోతాయి. పాలు, అన్నం పెట్టొద్దు. రెక్క విరిగినా, పిల్లి కరిచినా గాలి ఆడే అట్టపెట్టెలో గుడ్డ పరిచి, చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచి, అటవీ శాఖ వారికి ఫోన్ చేయండి.